1954 తర్వాతి పేజీ

బ్రిస్బేన్ నడిబొడ్డు నుంచి గింపీ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి పది కిలోమీటర్లు వెళ్తే చెర్మ్‌సైడ్ అనే పేట వస్తుంది. ఒకప్పుడు ఆ ఊరిని డౌన్‌ఫాల్ క్రీక్ అనేవారు. 1902 నుంచి 1904 దాకా క్వీన్స్‌లాండ్ గవర్నరుగా ఉన్న సర్ హెర్బర్ట్ చెర్మ్‌సైడ్ పేరు తర్వాత దానికి స్థిరపడింది. ఇవాళ అక్కడున్న వెస్ట్‌ఫీల్డ్ షాపింగ్ సెంటర్ ఈ దేశంలోని పెద్దవాటిలో ఒకటి. అది పుట్టిన రోజు 1957 మే 30. నగరంలోని క్వీన్ స్ట్రీట్‌లో దశాబ్దాలుగా పేరుమోసిన అలన్ అండ్ స్టార్క్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ వాళ్లు, కార్లలో వచ్చే కొనుగోలుదార్ల కోసం ఊరి శివారులో ‘డ్రైవ్-ఇన్ షాపింగ్ సెంటర్’ తెరిచారు. నడుమ కొట్లు, చుట్టూ ఏడువందల కార్లు పట్టే జాగా. ఆస్ట్రేలియాలో ఆ తరహా సెంటర్లలో మొదటిదిగా దాన్నే లెక్కిస్తారు. తొలిరోజు పదిహేను వేల మంది వచ్చారని చరిత్రలో రాసుకున్నారు. మర్నాడు పొద్దున బ్రిస్బేన్ నగర పత్రిక ‘కొరియర్-మెయిల్’ ఆ సంగతి ఎలా రాసింది? ఏ పేజీలో వేసింది? పక్కన ఏ ప్రకటనలు ఉన్నాయి? చూడాలనుకుంటే ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారి ‘ట్రోవ్’లో ఆ పత్రిక పాత సంచికలు తెరుస్తాం. 1933 ఆగస్టు 28 నాటి మొదటి సంచిక కనిపిస్తుంది. యుద్ధకాలం కనిపిస్తుంది. ఇళ్లు లేక జనం ఇబ్బందిపడిన నలభైల చివరి ఏళ్లు కనిపిస్తాయి. 1954 డిసెంబరు వస్తుంది. అక్కడితో ఆగిపోతుంది. చెర్మ్‌సైడ్ సెంటర్ తెరవడానికి ఇంకా రెండేళ్ల అయిదు నెలలు ఉండగానే తెర పడిపోతుంది.

ఈ దేశపు శివారు పేటల చరిత్ర, అంటే మనలో చాలామంది కాపురాలుంటున్న చోట్ల చరిత్ర, సరిగ్గా ఆ తెర వెనకాల ఉండిపోయిందని నేను చెప్పదలచుకున్నాను. ఆ తెర చట్టం వల్ల పడింది, దాన్ని తొలగించడం సాధ్యమేనని ఇదే దేశంలో ఒక నగరం రుజువు చేసింది. కాబట్టి 1954 తర్వాతి పేజీలు తెరవమని పత్రికల యజమానుల్ని అడగడం న్యాయం. అడిగేవాళ్లలో తెలుగువాళ్లం కూడా ఉండాలి.

ముందు ట్రోవ్ సంగతి. దీన్ని వాడనివాళ్లకు ఇదేమిటో చెప్పకపోతే నా వాదన గాలిలో తేలిపోతుంది. 1803లో మొదలైన ‘సిడ్నీ గెజెట్’ మొదలుకొని వందలాది పత్రికల పేజీలను జాతీయ గ్రంథాలయం, రాష్ట్రాల గ్రంథాలయాలు కలిసి స్కాన్ చేశాయి. 2008లో జనానికి తెరిచాయి. డబ్బు కట్టనక్కర్లేదు, సభ్యత్వం అడగరు. తెర మీద కుడిపక్క పత్రిక పేజీ బొమ్మ ఉంటుంది, ఎడమపక్క యంత్రం చదివిన అక్షరాలు పంక్తి పంక్తిగా ఉంటాయి. అరిగిపోయిన సీసపు అచ్చును యంత్రం తప్పుగా చదువుతుంది. ఆర్, ఎన్ అనే రెండు చిన్నక్షరాలు అంటుకుపోతే ఎమ్ అనుకుంటుంది. ‘మోడర్న్’ అని అచ్చయిన మాట ‘మోడెమ్’ అయి కూర్చుంటుంది. అప్పుడు చదివే మనిషే ఆ పంక్తి మీద నొక్కి, బొమ్మ చూసి సరిదిద్దుతాడు. అతను దిద్దిన మాట ఆ తర్వాత వెతికే ప్రతివాళ్లకూ దొరుకుతుంది. ఇలా జీతం భత్యం లేకుండా, రాత్రి భోజనాలయ్యాక కూర్చుని కోట్ల పంక్తులు దిద్దిపెట్టారు ఈ దేశపు మామూలు జనం. ఒక వీధి పేరో, ఒక కొట్టు పేరో కొడితే నూట యాభయ్యేళ్ల పేజీల్లో అది ఎక్కడెక్కడ అచ్చయిందో క్షణంలో బయటపడుతుంది. వార్తల్లోనే వెతకాలా, ప్రకటనల్లో వెతకాలా, పెళ్లిళ్లూ చావుల కబుర్లలో వెతకాలా అన్నది కూడా మనమే చెప్పొచ్చు. స్థానిక చరిత్రకు ఇంతకుమించిన పనిముట్టు ఇంకే దేశంలోనూ సామాన్యుడి చేతికి ఇంత సులువుగా అందలేదని నా నమ్మకం.

మరి 1954 దగ్గర ఎందుకు ఆగింది? 2004 చివరిదాకా ఇక్కడ కాపీరైట్ గడువు రచయిత పోయాక 50 ఏళ్లు. రచయిత పేరు లేని రాతలకైతే అచ్చయ్యాక 50 ఏళ్లు. అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదుర్చుకున్నప్పుడు, ఆ షరతుల్లో భాగంగా 2005 జనవరి 1 నుంచి దాన్ని 70 ఏళ్లు చేశారు. అప్పటికే గడువు తీరినవి మళ్లీ బందీలు కాలేదు. అంటే 1954 చివరిదాకా అచ్చయిన పేరులేని వార్తలు బయటే మిగిలాయి. 1955 జనవరి నుంచి అచ్చయినవాటికి మరో ఇరవయ్యేళ్ల తాళం పడింది. వెనక ఏ కుట్రా లేదు, ఎవరూ శివారు పేటల మీద కక్షగట్టలేదు. వేరే బేరం కోసం గీసిన గీత ఇది. కానీ ఆ గీత పడిన చోటు చూడండి.

చెర్మ్‌సైడ్ 1957 మే. సిడ్నీలో టాప్ రైడ్ అదే ఏడాది నవంబరు 14. ఫ్రాంక్ లోవీ, జాన్ సాండర్స్ అనే ఇద్దరు వలసదారులు బ్లాక్‌టౌన్‌లో మొదటి వెస్ట్‌ఫీల్డ్ తెరిచింది 1959 జులైలో. మెల్‌బోర్న్‌లో మైయర్ కంపెనీ చాడ్‌స్టోన్ తెరిచింది 1960 అక్టోబరు 3న. అంతకుముందు ఆ నేల క్రైస్తవ సన్యాసినుల మఠానిది. సిడ్నీలో రోజ్‌లాండ్స్ 1965. అన్నీ గీతకు అవతలే. ట్రామ్ ఎక్కి నగరానికి వెళ్లి బట్టలు కొనుక్కునే జనం, కారెక్కి ఊరి చివర పార్కింగ్‌లో ఆపుకుని కొనుక్కునే జనంగా మారిన కాలమంతా అవతలే. చెర్మ్‌సైడ్‌కి ట్రామ్ లైను వచ్చింది 1947లో, పోయింది 1968లో. వచ్చిన వార్త మనకు ట్రోవ్‌లో దొరుకుతుంది, పోయిన వార్త దొరకదు. మన రాక సంగతి చెప్పనే అక్కర్లేదు. తెల్లవాళ్ల ఆస్ట్రేలియా విధానం ఆనవాళ్లు చెరిగిపోయింది 1973లో. ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు 2016 జనాభా లెక్కల్లో 34 వేల మంది, 2021 నాటికి 59 వేల పైచిలుకు. మనకూ ఈ దేశానికీ ఉన్న చుట్టరికమంతా గీతకు ఇవతల ఒక్క అక్షరం లేని కాలానిది.

షాపింగ్ సెంటర్‌కి చరిత్రేమిటి, కొట్లూ కార్లూ తప్ప అక్కడేముంది అనేవాళ్లుంటారు. ఇది బలమైన అభ్యంతరం, ఎందుకంటే చదువుకున్నవాళ్ల మనసులో ఇది బలంగా నాటుకుపోయింది. కోటలకీ గుళ్లకీ యుద్ధాలకీ చరిత్ర ఉంటుంది, సరుకులమ్మే చోటికి ఉండదు అని. తెలుగువాళ్లకు ఇలాంటి మాటకి జవాబెలా చెప్పాలో తెలుసు. తెలంగాణలో కవులే లేరన్న మాట విన్నప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనకు దిగలేదు. 1926లో తాను పెట్టిన ‘గోలకొండ పత్రిక’ను పనిముట్టుగా చేసుకుని, 1934లో 354 మంది కవుల పద్యాలు, వివరాలు కూర్చి ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. లేదన్నచోట ఉన్నదాన్ని ఎత్తి చూపించారు. అలా ఎత్తి చూపించడానికి ఆయన చేతిలో ఒక పత్రిక ఉంది. శివారు పేటకి చరిత్ర లేదన్నప్పుడు తెరిచి చూపించాల్సిన పేజీలే ఇక్కడ మన చేతికి అందకుండా ఉన్నాయి. అదీ తేడా. లేదన్న మాటకి సాక్ష్యం దొరకకుండా చేసి, సాక్ష్యం లేదు కాబట్టి లేదనడం తర్కం కాదు.

అసలు షాపింగ్ సెంటర్ చరిత్రకి పత్రికే ఎందుకు? పాత భవనాన్ని చూస్తే తెలియదా? తెలియదు. గుడి తన గోడల మీదే శాసనం దాచుకుంటుంది. పాత బజారు, హైదరాబాదులో మోజంజాహీ మార్కెట్ లాంటిది, రాతికట్టడంగా నిలిచి తన వయసు తానే చెప్తుంది. షాపింగ్ సెంటర్ అలా కాదు, పదిహేను ఇరవయ్యేళ్లకోసారి తన ఒంటిని తానే మార్చుకుంటుంది. చెర్మ్‌సైడ్ సెంటర్ అలన్ అండ్ స్టార్క్ నుంచి మైయర్ చేతికి, 1990లలో వెస్ట్‌ఫీల్డ్ చేతికి వెళ్లింది. ఈ శతాబ్దంలోనే ఎన్నోసార్లు పెరిగింది. 1957లో అక్కడికి వచ్చిన మనిషిని ఇవాళ తీసుకొచ్చి నిలబెడితే గుర్తుపట్టడానికి గోడ ముక్క కూడా దొరకదు. టాప్ రైడ్‌నైతే పూర్తిగా పడగొట్టి కొత్తగా కట్టారు. కంపెనీల లెక్క పుస్తకాలు కంపెనీలవి. చేతులు మారినప్పుడు కొన్ని పోతాయి, కొన్ని తాళాల్లో ఉంటాయి. స్థానిక కౌన్సిల్ దగ్గర ప్లాన్లూ అనుమతులూ ఉంటాయి. వాటిలో ఎన్ని చదరపు అడుగులు కట్టారో ఉంటుంది, జనం ఏమనుకున్నారో ఉండదు. మిగిలింది పేపరే. కొత్త సెంటర్ వస్తే మా కొట్లు మూతపడతాయని రోడ్డు పక్క కిరాణావాళ్లు రాసిన ఉత్తరం, సేల్స్ గర్ల్స్ కావాలన్న ప్రకటన, పార్కింగ్ దగ్గర ట్రాఫిక్ లైట్లు పెట్టమని కౌన్సిల్లో జరిగిన రభస. పత్రిక తప్ప వీటినెవరు దాస్తారు?

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఆ రోజుల్లో షాపింగ్ సెంటర్ తెరిచినప్పుడు పత్రికలు వేసిన ప్రత్యేక పేజీలు చాలావరకు ప్రకటనదారుల డబ్బుతో వేసినవే. వాటిలో పొగడ్త తప్ప నిజం ఎంత? ఈ మాటలో నిజముంది, నేను కాదనను. పత్రికకూ వ్యాపారానికీ ఉన్న బంధం మనకు తెలియనిదేమీ కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ‘ఆంధ్రపత్రిక’ మొదలుపెట్టినప్పుడు దాని వెనక నిలబడ్డది అమృతాంజనం అమ్మిన రాబడి. అయితే అమృతాంజనం డబ్బు ఉందని ఆంధ్రపత్రిక పేజీలు చరిత్రకు పనికిరావని ఎవరైనా అంటారా? ప్రకటనను వార్తగా చదివితే మోసపోతాం, ప్రకటనను ప్రకటనగా చదివితే అదే అన్నిటికన్నా నిజాయితీ గల సాక్ష్యం. అమ్మేవాడు సరుకు గురించి గొప్పలు చెప్పొచ్చు గానీ, ధర దగ్గర అబద్ధమాడలేడు. మర్నాడు కొనేవాడు ఆ ముక్క చేతపట్టుకుని వస్తాడు.

ఆ కాలం ప్రకటన ఒకటి ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆస్ట్రేలియాలో డాలర్లు వచ్చింది 1966 ఫిబ్రవరి 14న. అంతకుముందు పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌండు. చీటీ గౌను ధర ఒక పౌండు అని వేయరు, పంతొమ్మిది షిల్లింగుల పదకొండు పెన్నీలు అని వేస్తారు. మన బాటా రేటు లాంటిదే. ఒక్క పెన్నీ తగ్గించి పౌండు దాటలేదనిపించడం. అదే పేజీలో ఖరీదైన కోటు ధర గినీల్లో ఉంటుంది. గినీ అంటే ఇరవై ఒక్క షిల్లింగులు, అది దొరతనపు లెక్క. ఏ సరుకు ధర గినీల్లో ఉంది, ఏది షిల్లింగుల్లో ఉంది అన్నది చూస్తే చాలు, ఆ కొట్టు ఎవరిని పిలుస్తోందో తెలుస్తుంది. నగరంలోని పెద్ద స్టోరు, శివారులో తెరిచిన తన కొత్త శాఖకు ఏ సరుకు పంపింది, ఏది పంపలేదు? క్వీన్ స్ట్రీట్ ప్రకటననూ చెర్మ్‌సైడ్ ప్రకటననూ పక్కపక్కన పెట్టి చూస్తే, నగరంలో కొనేవాళ్లకీ శివారులో కొనేవాళ్లకీ మధ్య గీత ఎక్కడ గీశారో బయటపడుతుంది. కానీ పక్కపక్కన పెట్టాలంటే 1957 పేజీలు ముందుండాలి.

ఇక్కడ ఒక మాట ఎక్కువసేపు చెప్పుకోవాలి, ఎందుకంటే షాపింగ్ సెంటర్ కథా, నగర పత్రిక కథా విడివిడివి కావు. బ్రిస్బేన్‌లో మొదటి పత్రిక ‘మోర్టన్ బే కొరియర్’ 1846 జూన్ 20న వచ్చింది. అది పేర్లు మార్చుకుంటూ ‘బ్రిస్బేన్ కొరియర్’ అయింది. 1933లో ‘డైలీ మెయిల్’తో కలిసి ‘కొరియర్-మెయిల్’ అయింది. అలాంటి నగర పత్రికకు తిండి పెట్టింది నగరం నడుమనున్న పెద్ద స్టోర్లు. సేల్ వచ్చిందంటే పేజీలకు పేజీలు కొనేవాళ్లు వాళ్లే. ఊరంతా నగరానికి వచ్చి కొనుక్కుంటుంది గనక, ఊరంతా చదివే పత్రికలో ప్రకటన వేయడం వాళ్లకు గిట్టుబాటు. ఆ స్టోర్లే శివారుకు నడిచాయి. అప్పుడు ప్రకటనకు లెక్క మారింది. గింపీ రోడ్డు చుట్టుపక్కల ఉండే గృహిణికి చెప్పాల్సిన మాటకు రాష్ట్రమంతటా అమ్ముడుపోయే పేపరు దేనికి? ఇంటి గుమ్మంలో ఉచితంగా పడేసి వెళ్లే పేట పత్రిక చాలు. ఈ ధోరణి ఎటు పోతుందో వ్యాపారులు ముందే కనిపెట్టారు. సిడ్నీ శివారుల్లో పత్రికలు నడిపే కంబర్లాండ్ న్యూస్‌పేపర్స్‌ను 1960లోనే రూపర్ట్ మర్డాక్ కంపెనీ కొనేసింది. షాపింగ్ సెంటర్లు లేచిన కాలమూ, పేట పత్రికలు బలిసిన కాలమూ ఒకటే కావడం కాకతాళీయమని నేను అనుకోను. సూపర్ మార్కెట్ల ప్రకటనల డబ్బుతో ఆ చిన్న పత్రికలు కౌన్సిల్ సమావేశాలూ, స్కూలు పోటీలూ, ఫుట్‌బాల్ స్కోర్లూ రాశాయి. వందేళ్లపాటు నగర పత్రిక రాయనివి అవి రాశాయి.

తర్వాత ఏమైందో మనందరి కళ్లముందే జరిగింది. ప్రకటనలు ఇంటర్నెట్‌కు వెళ్లిపోయాయి. 2020 మే చివర్లో, కోవిడ్ నడుమ, న్యూస్ కార్ప్ కంపెనీ నూటికి పైగా స్థానిక, పేట పత్రికల అచ్చు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. డెబ్బయి ఆరు డిజిటల్‌కే పరిమితమయ్యాయి, ముప్పయి ఆరు పూర్తిగా మూతపడ్డాయి. బ్రిస్బేన్ పేటల్లో తిరిగే క్వెస్ట్ పత్రికలూ, మెల్‌బోర్న్ పేటల లీడర్ పత్రికలూ అందులో ఉన్నాయి. కాబట్టి శివారు చరిత్రకు ఒక కొస 1954 దగ్గర తెగింది, ఇంకో కొస 2020 దగ్గర తెగింది. నడుమ అరవై అయిదేళ్ల కాగితం గ్రంథాలయాల అరల్లో, మైక్రోఫిల్మ్ చుట్టల్లో ఉంది. ఉంది, పోలేదు. దొరకడమే కష్టం.

మైక్రోఫిల్మ్ ఉందిగా, వెళ్లి చూసుకోవచ్చుగా అంటారు. చూడొచ్చు. క్వీన్స్‌లాండ్ రాష్ట్ర గ్రంథాలయానికి వెళ్లి చుట్ట ఎక్కించి తిప్పుకుంటూ 1957 మే 31 నాటి పేజీ చూడొచ్చు, ఎందుకంటే ఆ తేదీ మనకు తెలుసు. తేదీ తెలియనివాటి మాటేమిటి? పేట చరిత్రలో నూటికి తొంభై తేదీ తెలియనివే. కిరాణా కొట్టాయన ఉత్తరం ఏ రోజు పడిందో ఎవరికి తెలుసు? పదేళ్ల పేపరు పేజీ పేజీ తిప్పే తీరిక విశ్వవిద్యాలయంలో జీతం తీసుకునే పరిశోధకుడికి ఉండొచ్చు. షిఫ్టు డ్యూటీ చేసుకుని, పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకుని, ఆదివారం ఓ గంట మిగిలే మనిషికి ఉండదు. మన దగ్గరా ఇదే పాఠం ఉంది. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను ప్రాణంలా దాచింది, దానికి తెలుగుజాతి రుణపడి ఉంది. కానీ ఆ అరలో ఏ సంచికలో ఏముందో తెలిసినవాడికే అది దొరుకుతుంది. దాచడం ఒక పని, వెతికితే దొరికేలా చేయడం వేరే పని. ట్రోవ్ గొప్పదనమంతా రెండో పనిలో ఉంది.

ఇదంతా ఆశ మాత్రమే, జరిగే పని కాదు అనేవాళ్లకు కాన్‌బెర్రాను చూపిస్తాను. ‘కాన్‌బెర్రా టైమ్స్’ 1926 సెప్టెంబరులో పుట్టింది, గోలకొండ పత్రిక పుట్టిన ఏడాదే. ఆ పత్రిక ట్రోవ్‌లో 1954 దగ్గర ఆగలేదు, 1995 దాకా ఉంది. మహిళల పత్రిక ‘ఆస్ట్రేలియన్ విమెన్స్ వీక్లీ’ 1982 దాకా ఉంది. యజమానులు సరేనన్నారు, గీత చెరిగింది. దాంతో కాన్‌బెర్రావాళ్లకు ఏం ఒరిగిందో చూడండి. 1963 మార్చిలో ప్రధాని మెన్జీస్ ప్రారంభించిన మొనారో మాల్ మొదలు, 1972లో తెరిచిన వోడెన్ ప్లాజా, 1978 నాటి బెల్‌కొనెన్ మాల్, 1987లో టగ్గెరనాంగ్ హైపర్‌డోమ్ దాకా, ప్రతి సెంటర్ పుట్టుకనూ ఒక సామాన్య పౌరుడు ఇంట్లో కూర్చుని రోజు రోజూ చదువుకోవచ్చు. ఆ నగరాన్ని పేటలుగా, ప్రతి పేటకూ కొన్ని చిన్న కొట్లుగా కేంద్ర ప్రభుత్వ ప్రణాళికా సంస్థ గీసింది. పెద్ద మాల్ వచ్చాక ఆ చిన్న కొట్లు ఎలా వెలవెలబోయాయి అన్నది అక్కడి జనంలో ఇప్పటికీ నలిగే వివాదం. ఆ వివాదంలో ఉన్నవాళ్లు ఊరికే జ్ఞాపకం మీద మాట్లాడనక్కర్లేదు, పేజీ తెరిచి మాట్లాడొచ్చు. చెర్మ్‌సైడ్‌లో, బ్లాక్‌టౌన్‌లో, చాడ్‌స్టోన్‌లో ఉండేవాళ్లకు అదే హక్కు ఎందుకు లేదు? కాన్‌బెర్రా చరిత్ర బ్రిస్బేన్ చరిత్రకన్నా ఎక్కువదా?

కాన్‌బెర్రా ఉదాహరణ ఇంకో అభ్యంతరానికీ జవాబు ఇస్తుంది. 1957 తర్వాతి పేజీల్లో ఇంకా బతికున్నవాళ్ల పేర్లుంటాయి, కోర్టు కేసులుంటాయి, చిన్నప్పుడు చేసిన దొంగతనాలుంటాయి; మనిషి మర్చిపోయి బతుకుతున్నదాన్ని వెతికితే దొరికేలా చేయడం మంచిదా అని అడుగుతారు. ఈ ప్రశ్న అడిగేవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. అచ్చులో ఉండటం వేరు, పేరు కొట్టగానే పైకి తేలడం వేరు. అందుకే నేను నిన్న మొన్నటి పేజీల దాకా తెరవమనడం లేదు. 1970ల చివరిదాకా తెరిచి, పిల్లలకు సంబంధించిన కోర్టు వార్తల్లాంటివి పక్కన పెట్టి, అభ్యంతరం చెప్పిన మనిషి మాట వినే ఏర్పాటు ఉంచితే సరిపోతుంది. 1995 దాకా తెరిచి ఉంచిన కాన్‌బెర్రాలో దాని వల్ల ఊరు అల్లకల్లోలం కాలేదు. పోతే యజమానుల ఆస్తి మాట. యాభయ్యేళ్ల కిందటి దినపత్రిక నుంచి వచ్చే రాబడి ఎంతని? రాబడే ముఖ్యమైతే దానికి వెలకట్టి చెల్లించే పద్ధతులున్నాయి. 2023లో ట్రోవ్‌కే నిధులు ఆగిపోయే పరిస్థితి వస్తే, జనం గట్టిగా అడిగారు. ప్రభుత్వం నాలుగేళ్లకు 3 కోట్ల 30 లక్షల డాలర్లు, ఆ తర్వాత ఏటా 92 లక్షలు ఇస్తామంది. అడిగితే అయిన పని అది.

మనం ఎందుకు అడగాలి? 1957 మే నెలలో చెర్మ్‌సైడ్ తెరిచిన రోజున, వలస వచ్చేవాడికి ఏ ఐరోపా భాషలోనైనా డిక్టేషన్ చెప్పి రాయమని, రాయలేదని వెనక్కి పంపే చట్టం ఇంకా అమల్లో ఉంది. 1958 నాటి వలస చట్టంతోగానీ అది పోలేదు. ఆ పదిహేను వేల మందిలో ఎవరున్నారు, ఎవరు ఉండటానికి వీల్లేదు అన్నది కూడా ఆ పేజీ చెప్పే చరిత్రే. ఫొటోల్లో కనిపించే ముఖాలు, ‘గృహిణి’ అన్న మాటతో పత్రిక ఎవరిని ఉద్దేశించింది, ఆ నేల అంతకుముందు ఎవరిదన్న ప్రస్తావన ఎక్కడైనా ఉందా. పత్రిక మౌనం కూడా సాక్ష్యమే, కానీ పేజీ కనిపిస్తేనే మౌనం కనిపిస్తుంది. అప్పట్లో మనల్ని రానివ్వని చోటు, ఇవాళ మన పిల్లలకు సొంత ఊరైంది. ఆ రెండింటి మధ్య ఏం జరిగిందో ఆ పిల్లలు అడుగుతారు. పశ్చిమ సిడ్నీ వాళ్ల అదృష్టం కొంత మెరుగు: పారమట్టా పత్రిక ‘కంబర్లాండ్ ఆర్గస్’ ట్రోవ్‌లో 1962 దాకా ఉంది, ఫెయిర్‌ఫీల్డ్ చిన్న పత్రిక ‘ది బిజ్’ 1972 దాకా ఉంది. వెంట్‌వర్త్‌విల్, హారిస్ పార్క్ ప్రాంతాల తెలుగువాళ్లు ఈ రాత్రే తెరిచి తమ వీధి పేరు కొట్టి చూడొచ్చు. తప్పుగా పడ్డ పంక్తులు కనిపిస్తే దిద్దొచ్చు. ఇల్లు కొనుక్కున్న పేటలో పంక్తి దిద్దడం, ఆ పేటలో ఓటు వేయడం లాంటి పనే.

చట్టం లెక్కన 1957లో అచ్చయిన, రాసినవాళ్ల పేరు లేని వార్తలకు 2027 డిసెంబరు 31తో గడువు తీరుతుంది. ఫొటో తీసినవాళ్ల పేరు తెలిసినవాటికి ఇంకా ఎన్నేళ్లో వాళ్ల ఆయుర్దాయాన్ని బట్టి. గడువు తీరినంత మాత్రాన పేజీ దానంతటది తెర మీదికి రాదు. ఎవరో ఆ మైక్రోఫిల్మ్ చుట్ట తీయాలి, ఎవరో డబ్బు పెట్టాలి. 1958 పేజీకి మరో ఏడాది, చాడ్‌స్టోన్ తెరిచిన 1960 పేజీకి మరో మూడేళ్లు, రోజ్‌లాండ్స్ తెరిచిన 1965 పేజీకి ఎనిమిదేళ్లు. ఈ వరసలో ఏడాదికొక్క ఏడాది చొప్పున నడిస్తే, మన తెలుగువాళ్లు గుంపుగా వచ్చి దిగిన 1990ల పేజీలు తెరుచుకునేసరికి 2060లు వస్తాయి. ఆ రోజుల్లో వచ్చి, సొంత ఊరి సరుకులమ్మే కొట్టు ఏ పేటలో ఉందో పేపరు వెనక పేజీలో వెతుక్కున్నవాళ్లు అప్పటికి ఎవరూ ఉండరు. యజమానులు ఒక్క సంతకం పెడితే, వాళ్లుండగానే ఆ పేజీ తెరుచుకుంటుంది.